తమ్ముడి స్నో డబ్బాలు

జూన్ 4

బంగారు తల్లీ,

మీ బాబాయి స్నో డబ్బాలన్నీ కొట్లోంచి దింపేశారే! ఒక్కటి మిగల్లేదు! ఈ మాట రెండుసార్లు చదువుకుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు మిగతాది చదువు.

పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే మీ అమ్మ వచ్చి నా మంచి చెవిలో అరిచింది, "మీ తమ్ముడి కొట్టు ముందు సర్కారు వ్యాను ఆగిందట" అని. నోట్లో నురగతోనే బయల్దేరాను. ఎదురుగా దర్జీ కొట్టు ఉంది కదా, ఆయన నన్ను చూడగానే స్టూలు తుడిచి వేసి, "ఇక్కడ కూర్చోండి, బాగా కనిపిస్తుంది" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో చూడు! ముగ్గురు ఆఫీసర్లు చేతులకి తొడుగులు వేసుకుని ఒక్కో డబ్బా తీసి గోనెసంచుల్లోకి దించారు. తర్వాత తలుపుకి లక్క సీలు. మీ బాబాయి ఇస్త్రీ చొక్కాలో నిలబడి "ఏదో పొరపాటు జరిగింది, పొరపాటు" అంటున్నాడట. నాకు వినపడలేదు, దర్జీ చెప్పాడు. "ఇన్ని డబ్బాలూ పొరపాటునే నిండాయా?" అని కూడా ఆయనే అన్నాడు. నవ్వలేక చచ్చాను.

పాదరసం దొరికిందట కదా? ఆ పరీక్ష మీ లాబరేటరీలోనే జరిగిందట కదా? నువ్వే కదా తల్లీ! నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. నాన్న మొహం మీది మసి తుడవడానికే నువ్వు ఆ చదువు చదివావు. ఎంత గుట్టుగా పెట్టావే!

నువ్వు అప్పటికి ఇంకా పుట్టలేదు. అయినా అంతా వినే పెరిగావు. వెనక రేకుల షెడ్డులో నేనూ వాడూ కలిసి మొహానికి రాసుకునే స్నో చేసేవాళ్ళం. కలపడం నా పని, సరుకు తేవడం, అమ్మడం వాడి పని. నాది జింకు స్నో. రాసుకుంటే మొహం మీద కాస్త సున్నం పూసినట్టు ఉండేది, అది నిజమే, కానీ ఎవరికీ చిన్న దద్దురైనా వచ్చేది కాదు. కలిపిన ప్రతిసారీ డబ్బాల్లోకి ఎత్తే ముందు మీ అమ్మ మోచేతి మడతలో రాసి, మధ్యాహ్నం దాకా చూసేవాణ్ణి. అలాంటిది ఆ ఒక్కసారి, మొదటి డబ్బా ముద్దుగా మా అక్కయ్యకిస్తే ఆమె రెండు బుగ్గలూ బొబ్బలెక్కాయి. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, బడి మానేసింది. కలిపింది నేను కాబట్టి తప్పు నాదే అన్నారు. "అన్నయ్య చెయ్యి మంచిది కాదు" అని మీ బాబాయి ఇంటింటికీ చెప్పాడు. ఆ రోజు నుంచి మన వాళ్ళందరికీ నేను బొబ్బల మేస్త్రిని. అక్కయ్య నాతో ఇప్పటిదాకా మాట్లాడలేదు.

అందుకని నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆఫీసు కాగితం మీద, ఆనాడు అక్కయ్య బుగ్గలు కాల్చింది కూడా వాడి పాదరసమే అని రాసి, ముద్ర కొట్టి పంపు. అద్దం కట్టించి వీధిలోకి కనపడేలా తగిలిస్తాను.

కడుపు నిండిన
మీ నాన్న

తా.క. నీకు ఫోను చేద్దామంటే నా చెవుడు నీకు తెలిసిందే. ఇంత సంతోషాన్ని "ఆఁ? ఆఁ?" అంటూ పాడుచేసుకోవడం నాకిష్టం లేదు.


జూన్ 9

నాన్నా,

నువ్వు అనుకున్నట్టు నేనేం గుట్టుగా చేయలేదు. మా దగ్గరికి వచ్చే నమూనాలకి పేరూ ఊరూ ఉండదు, మీద ఒక నంబరు ఉంటుంది, అంతే. ఎవరి క్రీమో తెలియకుండానే పరీక్షించాను. పాదరసం విపరీతంగా ఉంది. నమ్మలేక మళ్ళీ చేశాను. రిపోర్టు పైకి వెళ్ళాక, అది బాబాయిదని మా ఆఫీసరు చెప్పాడు. అప్పుడు నాకు సంతోషం కలగలేదు. పిన్ని మొహం గుర్తొచ్చింది.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. గాయం మానాలన్నా, చర్మం పైపొర రాలి కొత్తది రావాలన్నా ఒంట్లో రవ్వంత జింకు ఉండాలి. చర్మానికి రంగు పుట్టించే పనికి రవ్వంత రాగి కావాలి. ఇవి ఎక్కువైనా ఇబ్బందే, లేకపోయినా ఇబ్బందే. పాదరసానికి మాత్రం మన ఒంట్లో చేయాల్సిన పని ఏదీ లేదు. అది వచ్చి రాగి కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుంటుంది. దాంతో రంగు పుట్టడం ఆగిపోతుంది. చూసేవాళ్ళు "అబ్బ, ఎంత తెల్లబడింది" అంటారు. అది అక్కడితో ఆగదు, చర్మం దాటి లోపలికి పోతుంది.

నువ్వడిగిన కాగితం ఇవ్వలేను. ఇప్పటి డబ్బాలో ఏముందో చెప్పగలను. ఆనాటి డబ్బాలో ఏముందో ఈ పరీక్ష చెప్పదు.

అసలు సంగతి ఇది. పిన్ని పెళ్ళయినప్పటి నుంచీ పొద్దునా సాయంత్రం అదే రాసుకుంటుంది. వెంటనే మానేయమని చెప్పు. రక్తం, మూత్రం పరీక్ష చేయించమను. నేను ఫోను చేస్తే బాబాయి ఎత్తి, "కొట్టుకి సీలు వేయించి ఇప్పుడు పలకరింపా?" అని పెట్టేశాడు. విచారణ అయ్యేదాకా నన్ను ఊరు దాటొద్దన్నారు. నువ్వు పక్క వీధిలోనే ఉన్నావు. రేపే వెళ్ళు. దర్జీ కొట్లో కూర్చోకు.

మీ అమ్మాయి


జూన్ 14

చదువుల తల్లీ,

కుర్చీ! రాగి కుర్చీలో పాదరసం కూర్చుందా! ఆహాహా! ఇది సైన్సు కాదమ్మా, మన ఇంటి సంగతే! నా కుర్చీలో ఎవడు కూర్చున్నాడు? కూర్చుని తెల్లగా నిగనిగలాడింది ఎవడు? లోపల పుచ్చిపోయింది ఏది? ఆ ముక్క దర్జీకి చదివి వినిపించాను. నువ్వు పుస్తకం రాయాలన్నాడు.

ఇంత చక్కగా రాసి చివర్లో నా గుండెల్లో పొడిచావు. "ఆనాటి డబ్బాలో ఏముందో చెప్పలేను" అన్నావు. అంటే నీకూ అనుమానమేనా? నా కడుపున పుట్టినదానివి, నువ్వు కూడానా? మీ అమ్మ మోచేతి మీద నేను రాసినప్పుడు ఆ స్నో వెన్నలా ఉంది. మధ్యాహ్నం దాకా చూశాను, ఎర్రటి చుక్క కూడా లేదు. ఈ మాట మీ అమ్మ అందరి ముందూ చెప్పింది. "పెళ్ళాం కాక ఇంకేం చెప్తుంది" అన్నారు. నీ దగ్గర కూడా అదే మాట వినాలా?

సరే, పోనీ. కోపం లేదు. సంతోషంలో కోపం నిలవదు.

మీ పిన్ని సంగతి రాశావు. వాళ్ళ గుమ్మం నేను తొక్కను. మొన్న కూరగాయల బండి దగ్గర చూశాను. దివ్యంగా ఉంది! బుగ్గలు నిండుగా పొంగి, పాదాలు దిబ్బరొట్టెల్లా ఉబ్బి, చెప్పుల్లో కాలు పట్టక మీ బాబాయి చెప్పులు వేసుకుని వచ్చింది. కూర్చుని తినే ఒళ్ళు అలాగే ఉంటుంది. కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి. ఏడ్చి ఉంటుంది. ఏడవనీ. మా అక్కయ్య ఏడ్చినప్పుడు వీళ్ళు కొత్త కొట్టుకి రంగులు వేయించుకున్నారు. నన్ను చూసి "బావగారూ" అంది. నేను వినపడనట్టు వంకాయలు ఏరుకున్నాను. చెవుడు ఒక్కోసారి పనికొస్తుంది.

వాడు రావాలి. నా గుమ్మం దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, ఇంట్లోవాళ్ళకి ఏం చేయాలో చెప్పు" అని అడగాలి. అడిగితే నీ ఉత్తరం చదివి వినిపిస్తాను. అంతవరకూ ఇది నా జేబులోనే ఉంటుంది. మీ అమ్మ ఇక్కడ కలం లాక్కోబోయింది. ఇవ్వలేదు. రెండు రోజుల నుంచీ నాతో ముభావంగా ఉంది, ఎందుకో తెలియదు.

అక్కయ్యకి కూడా ఉత్తరం రాశాను. విప్పకుండానే తిప్పి పంపింది. పరవాలేదు. నీ కాగితం వస్తే విప్పుతుంది. ముద్ర గుండ్రంగా, పెద్దదిగా ఉండేలా చూడు.

ఆనందంతో
మీ నాన్న


జూన్ 17

నాన్నా,

నువ్వు చూసింది ఏడుపు కాదు. తిని చేసిన ఒళ్ళూ కాదు.

కంటి చుట్టూ వాపు, పాదాల వాపు, అంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. పాదరసం చేసే పనే అది. మూత్రం నురగ కడుతోందేమో పిన్నిని అమ్మ అడగాలి. కడుతుంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. త్వరగా మానేస్తే చాలామంది కోలుకుంటారు. ఆలస్యం చేస్తే చెప్పలేను.

ఈ సంగతి జేబులో పెట్టుకుని వంకాయలు ఏరుకున్నావా? నీ పగ తీరాలంటే పిన్ని పోవాలా? పెద్దత్త బుగ్గలు కాలితే చూస్తూ ఊరుకున్నారని వాళ్ళ మీద నీ కోపం. ఇప్పుడు నువ్వు చేస్తున్నదేమిటి?

డాక్టరుకి రెండు విషయాలు తెలియాలి. అందులో ఏ పొడి కలుపుతున్నారు, ఎన్నేళ్ళ నుంచి కలుపుతున్నారు. అది బాబాయి ఒక్కడికే తెలుసు. ఆయన్ని నిజం చెప్పించు. కావాలంటే మెడ పట్టుకుని చెప్పించు, నేను వద్దనను.

ఇంకొకటి. నిన్ను నేనెప్పుడూ అనుమానించలేదు. కళ్ళ ముందు లేని డబ్బాని పరీక్షించలేను అన్నాను, అంతే. పరీక్షకీ నమ్మకానికీ తేడా ఉంది నాన్నా. నమ్మకం గురించి నువ్వడగలేదు, ముద్ర అడిగావు.

పెళ్ళిళ్ళలో బాబాయి చుట్టాలందరికీ డబ్బాలు పంచాడు కదా. అవి ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో ఆలోచించు. రాసుకున్నవాళ్ళ చేతుల నుంచి, తువ్వాళ్ళ నుంచి పిల్లలకి కూడా అంటుతుంది.

ఈ ఉత్తరం అమ్మకి ఇవ్వు. వద్దు, ఫోను చేస్తే నువ్వే ఎత్తి "ఆఁ? ఆఁ?" అని పెట్టేస్తున్నావు కాబట్టి అమ్మకి విడిగా ఇంకోటి పంపుతున్నాను.

మీ అమ్మాయి


జూన్ 29

నా తల్లీ, నా బంగారుకొండా,

మీ పిన్ని కాళ్ళ వాపు తీస్తోందే! నిన్న తన చెప్పులు తనే వేసుకుని వరండా చివరిదాకా నడిచింది! ఇంతకంటే పెద్ద వార్త ఇంకోటుంది, అది చెప్పే ముందు నీ తిట్లన్నీ అందాయి అని రాస్తున్నాను. మళ్ళీ తిట్టొద్దు.

నీ ఉత్తరం చదివి నేనింకా కళ్ళజోడు తీయలేదు, మీ అమ్మ తన ఉత్తరం చదివేసి చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. "మీరు వస్తే రండి, లేకపోతే మీ గుమ్మం మీరు కాపలా కాసుకోండి" అంది. వెళ్ళాను. తలుపు మీ బాబాయే తీశాడు. గడ్డం మాసి ఉంది. "చూసి నవ్వడానికి వచ్చావా అన్నయ్యా?" అన్నాడు. "అందుకే వచ్చాను, ముందు మీ ఆవిణ్ణి పిలు" అన్నాను. మీ అమ్మ అప్పటికే వాణ్ణి పక్కకి నెట్టి లోపలికి పోయింది. అద్దం ముందున్న డబ్బాలన్నీ గుడ్డలో మూట కట్టేసింది. మీ పిన్ని "అక్కా, అవి లేకపోతే నేను మనుషుల్లోకి రాలేను" అని ఏడ్చిందట. నురగ సంగతి అడిగితే, "చాలా రోజులైంది, ఎవరికి చెప్పుకోను, సిగ్గు" అందట. చూశావా! సిగ్గుపడాల్సినవాడు ముందుగదిలో నిలబడి నాతో వాదిస్తున్నాడు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఒక చివర నేను, ఒక చివర వాడు. పక్కన మనుషులు బోలెడు. డాక్టరమ్మ బయటికొచ్చి అడిగింది, ఆ క్రీములో పాదరసం ఎప్పటి నుంచి ఉంది అని. వాడు, "ఈమధ్యేనండీ, సరుకు అమ్మినవాడు మోసం చేశాడు" అన్నాడు. తల్లీ, నాకు సగమే వినపడింది, కానీ వాడి మొహం చదవడానికి నాకు చెవులక్కర్లేదు. లేచి వాడి ముందు నిలబడ్డాను. "ఒరేయ్, ఆవిడ అడుగుతున్నది కొట్టు గురించి కాదు, నీ పెళ్ళాం గురించి. నువ్విప్పుడు అబద్ధం చెప్తే అది తనకి మందుగా వెళ్తుంది. ఎప్పటి నుంచి?" అన్నాను.

వాడు నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"నాకు వినపడలేదు" అన్నాను.

"మొదటి నుంచీ."

"ఏ మొదటి నుంచి? చెవిటివాణ్ణిరా, గట్టిగా చెప్పు."

"షెడ్డులో ఉన్నప్పటి నుంచీ!" అని అరిచాడు. వరండా అంతా తిరిగి చూసింది. అరిచాక ఇంక ఆపుకోలేకపోయాడు. నేను జింకు కలిపి, మీ అమ్మ మోచేతి మీద రాసి, చూసి, అన్నానికి వెళ్ళాను కదా. అప్పుడు వాడు పాదరసంతో చేసిన పొడి తెచ్చి అందులో పోశాడట. అదీ తెలుపే, ఇదీ తెలుపే. త్వరగా తెల్లబడితే బాగా అమ్ముడవుతుందని ఎవరో చెప్పారట. కొలత తెలియక గుప్పెళ్ళతో పోశాడట. ఆ డబ్బాయే అక్కయ్యకి వెళ్ళింది. తర్వాత నన్ను వెళ్ళగొట్టి, కొలత తగ్గించుకుని, ఇన్నాళ్ళూ అదే అమ్ముకున్నాడు. సొంత పెళ్ళానికీ అదే ఇచ్చాడు! డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. నేను మాత్రం "చివరి ముక్క వినపడలేదు" అని ఇంకోసారి చెప్పించాను. నిజానికి వినపడింది. అంత బాగా నాకు ఈమధ్య ఏదీ వినపడలేదు.

వాడు నా చేతులు పట్టుకున్నాడు. "అన్నయ్యా, క్షమించానని అను" అన్నాడు. అనలేదు తల్లీ. నీకు అబద్ధం రాయను. ఇన్నేళ్ళు నా చేత్తో మంచినీళ్ళిస్తే వాసన చూసి తాగిన మనుషుల మధ్య బతికాను, ఒక్క మాటకి అది పోతుందా? మీ పిన్నికి మందులు తేవడం, పథ్యం చేసిపెట్టడం, రాత్రి పగలు మీ అమ్మ తోడుండటం, అవన్నీ జరుగుతాయి. ఆమెతో నాకు పేచీ లేదు. కూరగాయల బండి దగ్గర "బావగారూ" అన్నది మంచం మీద మళ్ళీ అంది. ఈసారి "ఏమ్మా" అన్నాను.

వాడికి మాత్రం శిక్ష వేశాను. సర్కారు వేసేది సర్కారు వేస్తుంది, నాది వేరే. వాడు పంచిన ప్రతి డబ్బా వాడే వెళ్ళి, వాడి చేత్తో తెచ్చుకోవాలి. గుమ్మంలో నిలబడి, "ఇందులో విషం కలిపింది నేను, ఆనాడు అక్కయ్య మొహం కాల్చింది నేను, అన్నయ్య కాదు" అని చెప్పాలి. ఉత్తరంలో కాదు, ఫోనులో కాదు. "నువ్వే చెప్పు అన్నయ్యా, నాకు మొహం చెల్లదు" అన్నాడు. "నాకు కావాల్సింది ఆ మొహమేరా" అన్నాను. ఒప్పుకున్నాడు. మీ పిన్ని మంచం మీంచే "వెళ్ళండి" అంది, దాంతో ఒప్పుకున్నాడు.

నీ కాగితం ఇంక అక్కర్లేదు. నమ్మకం గురించి నువ్వు రాసింది మాత్రం చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మళ్ళీ డబ్బా తెరవకముందే ఆ ఇళ్ళవాళ్ళకి తెలియాలి కాబట్టి, వాడు వెళ్ళేలోపు స్నో ముట్టుకోవద్దని నువ్వు ఫోను చెయ్యి. ఎవరు కలిపారో మాత్రం చెప్పకు, అది వాడు చెప్పాలి. చెప్పాల్సినవాళ్ళు వీళ్ళు:

మీ అమ్మ చెల్లెలి కూతురు. అందరికంటే ముందు ఆమెకి, ఈ ఉత్తరం మడవకముందే. కవల పిల్లల బుగ్గలకి కూడా రాస్తుంది.

మీ పెద్ద మామయ్య. రాసుకోడు, కానీ ఇంటినిండా డబ్బాలు పెట్టుకుని వచ్చినవాళ్ళకి చూపించి "మా వాళ్ళ సరుకు" అంటాడు. మంచినీళ్ళు వాసన చూసేది ఆయనే.

మా తోడల్లుడు, రైల్వే గుమాస్తా. నాకు బొబ్బల మేస్త్రి అని పేరు పెట్టిన మహానుభావుడు. ఆయన దగ్గరికి భోజనాల వేళ వెళ్ళమన్నాను, ఇంటిల్లిపాదీ ఉంటారు.

మీ మామయ్య పెద్దకోడలు, ఆవిడ తల్లి, ఆ తల్లి పక్కింటావిడ. చుట్టం కాకపోయినా ఆవిడకి కూడా.

నీ చిన్నప్పటి స్నేహితురాలు, మన బావమరిది రెండో కూతురు. కడుపుతో ఉందట. కవలల తల్లి తర్వాత వెంటనే ఈమెకే.

మీ పెద్దత్త, మా అక్కయ్య. రాయడంలో ఆఖరుగా రాశాను, వెళ్ళడం మాత్రం రేపు పొద్దున్నే, అందరికంటే ముందు. ఆమెకి నువ్వు ఫోను చేయొద్దు. వాడితో నేనూ వెళ్తున్నాను. నేనేం మాట్లాడను, గుమ్మం పక్కన నిలబడతానంతే. వాడు చెప్పడం అయిపోయాక ఆమె ఎవరి వైపు చూస్తుందో చూడాలి.